తప్పు డిస్కుది, శిక్ష కంప్యూటర్‌కి

ప్రాసెసర్ 8 శాతం. మెమరీ 55 శాతం. డిస్క్ 100 శాతం. ఏడెనిమిదేళ్ల కిందట కొన్న డెస్క్‌టాప్‌ను పొద్దున్నే ఆన్ చేసి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే తెరుచుకునే టాస్క్ మేనేజర్‌లో సాధారణంగా ఇలాంటి అంకెలే కనిపిస్తాయి. విండోస్ 8 వచ్చిన 2012 నుంచి మైక్రోసాఫ్ట్ ఈ లెక్కను అందరి ముందూ పెట్టింది. చూసేవాళ్లే తక్కువ. తెర మీద చక్రం తిరుగుతూ ఉంటుంది. కుర్చీలో మనిషి లేచి వెళ్లి టీ తాగి వస్తాడు. చక్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. చివరికి షాపులో తీర్పు వెలువడుతుంది: "సిస్టమ్ పాతబడిపోయింది సార్, మార్చేయండి."

ఆ తీర్పు చాలాసార్లు తప్పు. పై అంకెల్ని ఇంకోసారి చదివితే ప్రాసెసర్ దాదాపు ఖాళీగా కూర్చుందని తెలుస్తుంది. మెమరీలో ఇంకా చోటుంది. పని ఆగిపోయింది ఒక్క దగ్గరే. ఆ ఒక్క భాగం చేసిన నేరానికి బోర్డు, ప్రాసెసర్, క్యాబినెట్, ఒక్కోసారి మానిటర్‌తో సహా అన్నీ తూకానికి వెళ్లిపోతున్నాయి. హార్డ్ డిస్క్ తీసేసి ఆ స్థానంలో ఎస్ఎస్‌డీ (సాలిడ్ స్టేట్ డ్రైవ్) పెడితే అదే యంత్రం మరికొన్నేళ్లు హాయిగా పనిచేస్తుంది. ఆ ప్రయత్నమైనా చేయకుండా కొత్త డెస్క్‌టాప్ కొనడం ఇంట్లో అయితే దుబారా, ప్రభుత్వ కార్యాలయంలో అయితే ప్రజల డబ్బు వృథా.

డబ్బాలో ఏం జరుగుతోందో తెలిస్తే ఈ మాట అతిశయోక్తి అనిపించదు. డెస్క్‌టాప్‌లో ఉండే మామూలు హార్డ్ డిస్క్ నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారం హెడ్ కిందికి రావాలంటే సగటున అర చుట్టు, అంటే 4.2 మిల్లీసెకన్లు ఆగాలి. అంతకు ముందే హెడ్‌ను మోసే చెయ్యి సరైన వలయం మీదికి జరగాలి. దానికి ఇంకో 8, 9 మిల్లీసెకన్లు. మొత్తం 12, 13 మిల్లీసెకన్లు. మనిషికి అది రెప్పపాటు కూడా కాదు. సెకనుకు వందల కోట్ల లెక్కలు చేసే ప్రాసెసర్‌కు మాత్రం యుగం. కలెక్టరేట్ రికార్డు గదికి ఒక్కడే అటెండరు ఉండి, ఫైలు ఫైలుకూ మెట్లెక్కి దిగుతుంటే, పైన ఎంత చురుకైన అధికారి ఉన్నా సంతకాలు కదలవు.

ఈ లెక్కన హార్డ్ డిస్క్ సెకనుకు ఎనభై వెతుకులాటలు చేస్తే గొప్ప. విండోస్ లేవాలన్నా, యాంటీవైరస్ తనిఖీ మొదలుపెట్టాలన్నా, బ్రౌజర్ నిన్నటి ట్యాబులన్నీ తిరిగి తెరవాలన్నా ఒక పెద్ద ఫైలు చదివితే సరిపోదు, వేలకొద్దీ చిన్న ముక్కలు వెతకాలి. అవి డిస్కు నిండా చెల్లాచెదురుగా ఉంటాయి. అలాంటి ముక్కలు పదివేలు ఉన్నాయనుకుంటే ఒక్కోదానికి 12.5 మిల్లీసెకన్ల చొప్పున 125 సెకన్లు, అంటే రెండు నిమిషాల పైమాటే. ఎస్ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. ఒక్కో వెతుకులాటకు దాదాపు మిల్లీసెకనులో పదో వంతు చాలు. అదే పదివేల ముక్కలు ఒక్క సెకనులో చేతికొస్తాయి.

హార్డ్ డిస్క్ చరిత్రలోనే ఈ జబ్బు మూలం ఉంది. 1956లో ఐబీఎం తెచ్చిన రామాక్ కంప్యూటర్‌కు తోడుగా వచ్చిన మొదటి డిస్క్ యంత్రం ఒక టన్ను బరువు ఉండేది. 24 అంగుళాల పళ్లాలు 50, వాటి మీద 50 లక్షల అక్షరాలు. ఇప్పటి లెక్కలో నాలుగు ఎంబీ కూడా కాదు. కోరిన సమాచారం దగ్గరికి చేరడానికి దానికి సగటున 600 మిల్లీసెకన్లు పట్టేది. ఇవాళ 30 టీబీ దాటిన హార్డ్ డిస్కులు అరచేతిలో ఇమిడిపోతున్నాయి. నిల్వ సామర్థ్యం దాదాపు 80 లక్షల రెట్లు పెరిగింది. వెతికే వేగమో? 600 నుంచి 12 మిల్లీసెకన్లకు. యాభై రెట్లు. గోదాము జిల్లా అంత పెద్దదైంది, తలుపు మాత్రం కిటికీ అంతే మిగిలింది.

ఇంజినీర్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. వేగంగా తిప్పడమే మార్గమనుకుని చాలా దూరం వెళ్లారు. సీగేట్ 1992లో బారకుడాతో 7,200 చుట్లు, 1996లో చీతాతో 10,000 చుట్లు, 2000లో 15,000 చుట్ల దాకా తెచ్చింది. అవన్నీ సర్వర్ల కోసం చేసినవి. మోత ఎక్కువ, వేడి ఎక్కువ, ధర ఇంకా ఎక్కువ. ఆ వేగాన్ని ఇంటి డెస్క్‌టాప్‌కు తెచ్చిన ఘనత వెస్టర్న్ డిజిటల్ 2003లో విడుదల చేసిన రాప్టర్‌ది. నిమిషానికి 10,000 చుట్లు, నిల్వ 36 జీబీ చిల్లర. ఆటల పిచ్చి ఉన్నవాళ్లు దానికోసం ఎగబడ్డారు. 2006లో కంపెనీ పైమూతకు పారదర్శకమైన కిటికీ పెట్టి రాప్టర్ ఎక్స్ అమ్మింది, లోపల పళ్లెం తిరుగుతుంటే చూసి మురిసిపోవడానికి. 2008లో వెలాసీరాప్టర్ వచ్చింది. చిన్న సైజు డిస్కును పెద్ద అల్యూమినియం చట్రంలో బిగించారు. వేడిని బయటికి పంపడానికే ఆ చట్రం. 2012లో ఒక టీబీ వెలాసీరాప్టర్ కూడా వచ్చింది. ఆ వంశం అక్కడితో ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో లెక్కే చెబుతుంది. 7,200 నుంచి 10,000 చుట్లకు పెంచితే అర చుట్టు సమయం 4.2 నుంచి 3 మిల్లీసెకన్లకు తగ్గుతుంది. అంత శ్రమకూ దక్కింది ఒకటిన్నర మిల్లీసెకను లోపే. 15,000కు పెంచినా 2 మిల్లీసెకన్లు ఆగక తప్పదు. లోహపు పళ్లేన్ని తిప్పి వెతికే పద్ధతికి భౌతికశాస్త్రం గీసిన గీత అది. ఈలోగా కొందరు రాజీ మార్గాలు చూశారు. సీగేట్ 2010లో మొమెంటస్ ఎక్స్‌టీ పేరుతో హార్డ్ డిస్కుకే చిన్న ఫ్లాష్ ముక్క అతికించింది. ఇంటెల్ 2017లో ఆప్టేన్ మెమరీ అని 16, 32 జీబీ కార్డులు తెచ్చి, వాటిని హార్డ్ డిస్కుకు ముందు నిలబెట్టమంది. రెండూ తెలివైన ఆలోచనలే, కాలం మాత్రం కలిసిరాలేదు. ఆప్టేన్ వ్యాపారాన్ని ఇంటెల్ 2022లో మూసేసింది.

అసలు మందు జపాన్‌లో ఎప్పుడో తయారై ఉంది. తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువొకా 1984లో ఒక రకం ఫ్లాష్ మెమరీని, 1987లో ఇప్పుడు మనం వాడుతున్న నాండ్ రకాన్ని లోకానికి చూపించారు. అది ఎస్ఎస్‌డీ రూపంలో డెస్క్‌టాప్‌లో హార్డ్ డిస్కు స్థానానికి చేరడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. ఇంటెల్ 2008లో విడుదల చేసిన ఎక్స్25-ఎం ఆ మలుపులో ముఖ్యమైన మైలురాయి. 80 జీబీకి టోకు ధర 595 డాలర్లు. అంత పెట్టి కొన్నవాళ్లు అప్పట్లో బహు కొద్దిమంది. ధర దిగుతూ వచ్చి, 2010ల చివరికి మధ్యతరగతి ఇంటికి అందుబాటులోకి వచ్చింది. విచిత్రం ఏమిటంటే, ఆ తర్వాత కూడా మన దగ్గర తక్కువ ధర డెస్క్‌టాప్‌లు ఒక టీబీ హార్డ్ డిస్కుతోనే అమ్ముడయ్యాయి. కొనేవాడు "ఎంత పడుతుంది?" అని అడుగుతాడు. "ఎంతసేపు ఆగాలి?" అని అడగడు. ఆ ప్రశ్నకు తగ్గ సరుకే షాపువాడు చూపించాడు.

ఇప్పుడు పరిస్థితి తిరగబడింది. ఎస్ఎస్‌డీ డబ్బాల మీద వేగమే పెద్దక్షరాల్లో ఉంటుంది. అక్కడ ఇంకో మాయ. సాటా తీగతో కలిపే ఎస్ఎస్‌డీ మీద సెకనుకు 560 ఎంబీ అని రాసి ఉంటుంది. నేరుగా బోర్డులో గుచ్చే ఎన్‌వీఎంఈ రకం మీద 3,500 అనో 7,000 అనో ఉంటుంది. కొత్తగా వస్తున్న అయిదో తరం వాటి మీద 14,000 దాకా కనిపిస్తుంది. ఇవన్నీ ఒకే పెద్ద ఫైలును వరసగా చదివినప్పటి అంకెలు. ఒకదాని తర్వాత ఒకటిగా చిన్న ముక్కలు వెతికే పని, అంటే ఇంట్లో ఆఫీసులో రోజూ జరిగేది, వేరే కథ. శామ్‌సంగ్ సొంత వివరాల ప్రకారమే సాటా రకం 870 ఈవో సెకనుకు సుమారు 13 వేల ముక్కలు చదివితే, ఎన్‌వీఎంఈ రకం 980 ప్రో సుమారు 22 వేలు చదువుతుంది. డబ్బా మీద పన్నెండు రెట్ల తేడా, పనిలో రెండు రెట్లు కూడా లేదు. హార్డ్ డిస్కు చదివేది ఎనభై. అసలు గెంతు హార్డ్ డిస్కు నుంచి ఏదో ఒక ఎస్ఎస్‌డీకి మారడంలోనే ఉంది. ఆ తర్వాతివన్నీ చిన్న అడుగులు.

అందువల్ల పాత డెస్క్‌టాప్‌కు సాదాసీదా సాటా ఎస్ఎస్‌డీ చాలు, దానికి నామోషీ పడక్కర్లేదు. 2014కు ముందటి బోర్డుల్లో చాలావాటికి ఎన్‌వీఎంఈ నుంచి విండోస్ లేపడమే తెలియదు. బోర్డు మీద ఎం.2 గాడి కనిపించినంత మాత్రాన అన్నీ పట్టవు. కొన్ని గాడుల్లో సాటా రకమే పనిచేస్తుంది, కొన్నింటిలో ఎన్‌వీఎంఈ రకమే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లేముందు బోర్డు మోడల్ నంబరు ఫోన్‌లో ఫొటో తీసుకుని వెళితే సగం గొడవ తప్పుతుంది. సాటా రెండో తరం పోర్టు ఉన్న ముసలి బోర్డయినా భయం లేదు. గరిష్ఠ వేగం సగానికి పడిపోయినా వెతుకులాట వేగం దాదాపు అంతే ఉంటుంది, తేడా తెలిసేది అక్కడే.

ఖరీదైన వేగం నిజంగా అవసరమైనవాళ్లు వేరే ఉన్నారు. తెలుగు ఊళ్లలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే మిక్సింగ్ యూనిట్లనే తీసుకుందాం. సెకనుకు 100 మెగాబిట్ల నాణ్యతతో ఫోర్‌కే వీడియో తీస్తే గంటకు 45 జీబీ. మూడు కెమెరాలు, ఒక్కోటీ ఆరు గంటలు నడిస్తే 800 జీబీ దాటుతుంది. ఇక్కడ పెద్ద ఫైళ్లను వరసగా చదవడమే పని, కాబట్టి ఎన్‌వీఎంఈకి పెట్టిన ప్రతి రూపాయీ కంటికి కనిపిస్తుంది. అయితే ఏ ఎన్‌వీఎంఈ, ఏ ఎస్ఎస్‌డీ అన్నది చూసుకోవాలి. చవక రకాల్లో మొదటి కొన్ని పదుల జీబీలకే వేగం ఉంటుంది, ఆ తర్వాత చతికిలపడతాయి. శామ్‌సంగ్ 870 క్యూవీవో ఒక టీబీ మోడల్‌లో ఆ వేగవంతమైన భాగం సుమారు 42 జీబీ. అది నిండాక రాసే వేగం సెకనుకు 80 ఎంబీకి పడిపోతుందని కంపెనీయే చెప్పింది. మంచి హార్డ్ డిస్కు అంతకంటే వేగంగా రాస్తుంది. ఇంట్లో ఫొటోలు దాచుకునేవాళ్లకు దీనితో ఇబ్బంది లేదు. మూడు పెళ్లిళ్ల ఫుటేజీ ఒకే రాత్రి దించుకునే స్టూడియోకు మాత్రం ఇది గొంతులో వెలక్కాయే.

ఎడిటింగ్ పూర్తయి కస్టమర్‌కు పెన్‌డ్రైవూ కరిజ్మా ఆల్బమూ ఇచ్చేశాక ఆ ఫుటేజీని ఎస్ఎస్‌డీలో ఉంచడం దండగ. దాచిపెట్టే పనికి హార్డ్ డిస్కును మించింది ఇప్పటికీ లేదు. జీబీకి ధర తక్కువ అన్నది ఒక కారణం. ఎస్ఎస్‌డీలో సమాచారం విద్యుదావేశంగా ఉంటుందన్నది రెండోది. రాసి రాసి ఆయుష్షు తీరిన ఇంటి వాడకపు ఎస్ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల వేడిలో ఏడాది పాటు సమాచారం నిలుపుకోవాలన్నదే పరిశ్రమ పెట్టుకున్న ప్రమాణం. మన రామగుండం, రెంటచింతల ఎండల్లో బీరువాలో పడేసి అయిదేళ్ల తర్వాత తీస్తానంటే ఆ ప్రమాణం హామీ ఇవ్వదు.

పేర్ల విషయంలోనూ కొనేవాళ్లు కళ్లు తెరుచుకోవాలి. హార్డ్ డిస్కుల్లో వలయాలను ఇంటి పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి రాసే ఎస్ఎంఆర్ పద్ధతి ఉంది. దానివల్ల నిల్వ పెరుగుతుంది, చెదురుమదురుగా రాసేటప్పుడు వేగం చచ్చిపోతుంది. ఈ పద్ధతిని డబ్బా మీద చెప్పకుండా కొన్ని మోడళ్లలో వాడినట్టు 2020 ఏప్రిల్‌లో బయటపడి, వెస్టర్న్ డిజిటల్ ఒప్పుకోవలసి వచ్చింది. సీగేట్ డెస్క్‌టాప్ బారకుడాల్లోనూ అది ఉన్నట్టు అప్పుడే తేలింది. ఎస్ఎస్‌డీ కంపెనీలూ తక్కువ తినలేదు. మంచి చిప్పులతో పేరు తెచ్చుకున్న మోడల్‌లో కొన్నాళ్లకు చవక చిప్పులు పెట్టి అదే పేరుతో అమ్మడం క్రూషియల్ పీ2 విషయంలో 2021లో జరిగింది. ఇక ఆన్‌లైన్‌లో వెయ్యీ రెండు వేలకు 16 టీబీ ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీ అని కనిపిస్తే అది శుద్ధ మోసం. విప్పి చూసినవాళ్లకు అలాంటివాటి లోపల ఒక చిన్న మెమరీ కార్డు కనిపించింది.

"ఎస్ఎస్‌డీ తొందరగా అరిగిపోతుందట కదా" అన్న భయం ఇంకా పోలేదు. అరుగుదల నిజమే, పరిమాణమే చూడాలి. 870 ఈవో 500 జీబీ మోడల్‌కు కంపెనీ 300 టీబీ రాతల దాకా హామీ ఇస్తుంది. రోజుకు 30 జీబీ రాసినా పదివేల రోజులు, ఇరవై ఏడేళ్లు. వారంటీ అయిదేళ్లే కాబట్టి ఇరవై ఏడేళ్లూ బతుకుతుందని ఎవరూ చెప్పరు. కానీ ఉత్తరాలు టైపు చేసి, ట్యాలీలో లెక్కలు రాసే యంత్రంలో అరుగుదల గురించి నిద్ర పాడుచేసుకోవడం అనవసరం. అదురుకూ కుదుపుకూ బలయ్యే అవకాశం హార్డ్ డిస్కుకే ఎక్కువ. దాని హెడ్ పళ్లెం మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. వెంట్రుక మందం దానికి వేల రెట్లు.

అన్ని పాత కంప్యూటర్ల కథా ఒకటి కాదు. డీటీపీ సెంటర్లలో ఉన్నవి ప్రత్యేకమైనవి. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, ఊరి పత్రికలు ఇప్పటికీ చాలాచోట్ల పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో తయారవుతున్నాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. పాతికేళ్ల కిందటి ఆ సాఫ్ట్‌వేర్, ఆ ఫాంట్లు, ఆ కీబోర్డు అమరిక, ఆపరేటర్ వేళ్లకు పట్టిన అలవాటు అన్నీ ఒకే పాత యంత్రంలో ముడిపడి ఉంటాయి. "కొత్త సిస్టమ్ తీసుకోండి" అన్న సలహా అక్కడ పనికిరాదు. ఇలాంటి చోట క్లోనింగ్ వరం. ఉన్నది ఉన్నట్టు, ఫాంటు ఫాంటూ సెట్టింగు సెట్టింగూ ఎస్ఎస్‌డీలోకి దింపేయవచ్చు. క్లోన్‌జిల్లా అనే ఉచిత సాధనం ఉంది. కొన్ని కంపెనీలు తమ ఎస్ఎస్‌డీకి తోడుగా క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ ఇస్తాయి. మిగతా ఇళ్లకూ ఆఫీసులకూ మాత్రం విండోస్‌ను మళ్లీ శుభ్రంగా ఎక్కించడమే మేలు. ఏళ్ల తరబడి పేరుకున్న చెత్తను కొత్త ఇంటికి మోసుకెళ్లడం ఎందుకు? క్యాబినెట్‌లో బిగించడానికి చిన్న బ్రాకెట్ కావాలి. దొరక్కపోతే కదిలే భాగాల్లేని వస్తువు కాబట్టి ఒక పక్కన ఆనించి ఉంచినా నష్టం లేదు.

డిస్కు మారిస్తే అన్నీ నయమవుతాయని అనుకోవడమూ పొరపాటే. రెండు జీబీ మెమరీతో ఉన్న కోర్ టూ డుయో యంత్రానికి ఎస్ఎస్‌డీ పెడితే విండోస్ చకచకా లేస్తుంది, యూట్యూబ్ దగ్గర మళ్లీ ఆయాసపడుతుంది. నాలుగు జీబీ ఉంటే ఎనిమిదికి పెంచడం డిస్కు తర్వాత చేయవలసిన రెండో పని. ఇంకో చిక్కు మైక్రోసాఫ్ట్ పెట్టింది. విండోస్ 10కు ఉచిత భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. నమోదు చేసుకున్నవాళ్లకు 2026 అక్టోబరు 13 దాకా గడువు పొడిగించారు. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం, అంటే 2017 తర్వాతి ప్రాసెసర్ ఉండాలి. అంతకన్నా పాతవి ఎంత బాగా పనిచేస్తున్నా కంపెనీ దృష్టిలో కాలం చెల్లినవే.

అది కంపెనీ దృష్టి. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఎన్నో ఏళ్లుగా ఉచిత లినక్స్ మీదే పాఠాలు చెబుతున్నాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ బాస్ పేరుతో భారతీయ భాషల కోసం లినక్స్ తయారుచేసింది. బ్రౌజరూ లెక్కల పట్టికా తప్ప ఇంకేమీ వాడని కార్యాలయానికి ఎస్ఎస్‌డీ, ఎనిమిది జీబీ మెమరీ, లినక్స్ ఈ మూడూ కలిస్తే 2014 నాటి యంత్రం కూడా సురక్షితంగా నడుస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు బడుల్లో, కళాశాలల్లో కంప్యూటర్ ల్యాబుల కోసం కొత్త టెండర్లు పిలిచేముందు ఉన్న యంత్రాల్లో ఎన్నింటికి డిస్కు మార్పు సరిపోతుందో లెక్క తీయించాలి. ఒక టెక్నీషియన్‌కు ఒక్కో యంత్రం దగ్గర కాసేపటి పని. కొత్తవి కొనక తప్పనప్పుడు హార్డ్ డిస్కే ప్రధాన డిస్కుగా ఉన్న డెస్క్‌టాప్‌ను టెండరులోంచే తీసిపారేయాలి. 45 నిమిషాల పీరియడ్‌లో పది నిమిషాలు తెర వైపు చూస్తూ కూర్చునే పిల్లలకు కంప్యూటర్ మీద విసుగు తప్ప ఏం అబ్బుతుంది?

చెత్త సంగతి కూడా ఉంది. 2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగేసిందనీ, అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క ఉన్నది 22.3 శాతమేననీ ఐక్యరాజ్యసమితి సంస్థల 2024 నివేదిక చెప్పింది. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఈ-వ్యర్థాల నిబంధనలు అమల్లో ఉన్నాయి. తూకానికి కొనే పాత సామాన్లవాళ్లకు అవి ఎంతవరకు తెలుసన్నది వేరే ప్రశ్న.

కొనదలచినవాళ్లు ధరల గాలి ఎటు వీస్తోందో కూడా గమనించాలి. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా సెంటర్లు మెమరీ చిప్పులను మింగేస్తుండటంతో 2025 చివరి నెలల నుంచి ర్యామ్, ఎస్ఎస్‌డీ ధరలు పైకి ఎగబాకాయి. హైదరాబాద్‌లో పెద్ద డిజైన్ కేంద్రం నడుపుతున్న మైక్రాన్, సామాన్య కొనుగోలుదారుల కోసం క్రూషియల్ పేరుతో చేస్తున్న వ్యాపారాన్నే ఆపేస్తున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. 2011లో థాయ్‌లాండ్ వరదల్లో కర్మాగారాలు మునిగి హార్డ్ డిస్కుల ధరలు ఒక్కసారిగా పెరిగిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. అప్పుడు నీళ్లు తగ్గాక ధరలు మెల్లగా దిగాయి. ఈసారి వరద ఎప్పుడు తగ్గుతుందో చూడాలి. ధర పెరిగిన మాట నిజమే అయినా, కొత్త డెస్క్‌టాప్‌లోనూ అవే ఖరీదైన చిప్పులు ఉంటాయి కాబట్టి పాతదాన్ని నిలబెట్టుకోవాలన్న వాదన ఇంకా బలపడిందే తప్ప తగ్గలేదు. అవసరమైనదానికన్నా పెద్దది కొనకపోవడం ఇప్పుడు తెలివి. విండోస్‌కూ సాఫ్ట్‌వేర్లకూ 250 లేదా 500 జీబీ ఎస్ఎస్‌డీ, సినిమాలకూ ఫొటోలకూ ఉన్న పాత హార్డ్ డిస్కే.

పాత డిస్కును అలా పక్కనే ఉంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. హార్డ్ డిస్కు చచ్చేముందు తరచూ టిక్కుటిక్కుమని చెప్పి చస్తుంది. ఎస్ఎస్‌డీ నిన్న రాత్రి దాకా పరుగెత్తి ఇవాళ పొద్దున కనిపించకుండా పోవచ్చు. అప్పుడు దానిలోంచి ఫైళ్లు బయటికి తీయడం ఇంకా కష్టం, ఖర్చు కూడా ఎక్కువ. పిల్లల ఫొటోలైనా, షాపు ట్యాలీ డేటా అయినా వారానికోసారి పాత డిస్కు మీదికి కాపీ కావాలి. ఏడెనిమిదేళ్లు తిరిగిన డిస్కు కాబట్టి దాన్నే ఏకైక కాపీగా నమ్ముకోకూడదు, ముఖ్యమైనవి మూడో చోట కూడా ఉండాలి.

పాత డిస్కును అమ్మేయాలనుకుంటే అసలు ప్రమాదం అప్పుడు మొదలవుతుంది. ఇంటర్నెట్ సెంటర్లలో, మీసేవా కేంద్రాల్లో, జిరాక్స్ షాపుల్లో ఉన్న డెస్క్‌టాప్‌ల డౌన్‌లోడ్ ఫోల్డర్ తెరిస్తే ఊళ్లో సగం మంది ఆధార్, పాన్, కుల ధ్రువీకరణ పత్రాలు స్కాన్ కాపీలుగా పడి ఉంటాయి. డిలీట్ చేసి రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తే పోయాయని అనుకుంటారు. పోవు. వాటి చిరునామా మాత్రమే చెరుగుతుంది, ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎవరైనా వెనక్కి తేగలరు. ఇలాంటి వివరాలను కాపాడటానికే 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. పాత డిస్కును సెకండ్ హ్యాండ్‌లో ఇచ్చేముందు క్విక్ ఫార్మాట్ టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ చేస్తే, విస్టా తర్వాతి విండోస్ డిస్కు అంతటా సున్నాలు రాస్తుంది. ఒక టీబీకి రెండు మూడు గంటలు పట్టవచ్చు. రాత్రి షట్టర్ దించేముందు మొదలుపెట్టి వెళితే సరిపోతుంది. ఎస్ఎస్‌డీకి ఈ పద్ధతి నమ్మకమైనది కాదు, కంపెనీ ఇచ్చే సాధనంలో ఉండే సెక్యూర్ ఎరేజ్ వాడాలి. పనిచేయడం మానేసిన హార్డ్ డిస్కును ఏ సాఫ్ట్‌వేరూ తుడవలేదు. దానికి డ్రిల్లింగ్ మిషనే గతి, పళ్లేల గుండా రెండు మూడు చోట్ల రంధ్రాలు పడాలి.